ఇనుముకు తాళం నేర్పిన పాటలు

ఆ ఇంట్లో మనుషులు లేరు. మంచం మీద ఒక బొమ్మ పొర్లుతుంది. భోజనాల బల్ల దగ్గర ఇంకో బొమ్మ చేతులు ఆడిస్తుంది. నడుము పైన ఏమీ లేని కాళ్ళ జతలు ప్యాంట్లు తొడుక్కుని గాలిలో వేలాడుతూ తంతుంటాయి. అమెరికన్ జాజ్ పియానో విద్వాంసుడు హెర్బీ హాన్‌కాక్ 1983లో విడుదల చేసిన ‘రాకిట్’ పాట వీడియో ఇది. నలభై ఏళ్ళు దాటిపోయాయి. కంప్యూటర్‌లో గీసిన రోబోలు ఇప్పుడు ఎంత నునుపుగా నడిచినా, ఆ బొమ్మలు కాలు విదిలించినప్పుడు కలిగే ఉలికిపాటు వాటితో రాదు. అవి నిజంగా ఆ గదిలో ఉన్నాయి. వాటికి బరువుంది. బరువున్న వస్తువును పాట తాళానికి కదిలించడం ఎంత కష్టమో తెలిసినకొద్దీ ఇలాంటి వీడియోల మీద గౌరవం పెరుగుతుంది.

ఆ బొమ్మల్ని చేసింది జిమ్ వైటింగ్ అనే బ్రిటిష్ శిల్పి. వాటిని కదిలించేది గాలి. కంప్రెసర్ గాలిని నొక్కి ట్యాంకులో నింపుతుంది. వాల్వు తెరుచుకోగానే ఆ గాలి గొట్టం గుండా సిలిండర్‌లోకి దూసుకెళ్ళి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్‌కు కట్టిన కాలు లేస్తుంది. నూనెను నొక్కి చిన్నది చేయడం దాదాపు అసాధ్యం, గాలిని నొక్కవచ్చు. అందుకే నూనె ఒత్తిడితో పనిచేసే జేసీబీ చేయి చెప్పినచోట ఆగుతుంది. గాలితో నడిచే చేయి గమ్యాన్ని దాటి, వెనక్కి వచ్చి, కాస్త ఊగి ఆగుతుంది. పైగా మామూలు వాల్వుకు తెలిసినవి రెండే స్థితులు, తెరుచుకోవడమూ మూసుకోవడమూ. ‘మెల్లగా’ అన్న మాటే దానికి తెలియదు. కాబట్టి వైటింగ్ బొమ్మల కదలికలో విదిలింపు, కుదుపు, చివర్లో చిన్న వణుకు ఉంటాయి. ఫ్యాక్టరీ ఇంజనీరు వాటిని లోపాలంటాడు. ‘రాకిట్’ పాటకు కావలసినవి సరిగ్గా అవే.

ఎందుకంటే ఆ పాటలో ప్రధాన వాద్యాల్లో ఒకటి గ్రామఫోన్ రికార్డు. గ్రాండ్‌మిక్సర్ డీఎస్‌టీ అనే డీజే, తిరుగుతున్న రికార్డును వేళ్ళతో ముందుకూ వెనక్కూ లాగి గీరుడు శబ్దం పుట్టించాడు. దర్శకులు కెవిన్ గాడ్లీ, లోల్ క్రీమ్ ఎడిటింగ్ బల్ల దగ్గర అదే పని దృశ్యంతో చేశారు. రికార్డు వెనక్కి జరిగినచోట ఫ్రేములూ వెనక్కి జరుగుతాయి, ముందుకు దూకినచోట ముందుకు దూకుతాయి. యంత్రం కుదుపు, ఎడిటింగ్ కుదుపు, సంగీతంలోని కుదుపు మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. హాన్‌కాక్ మాత్రం ఆ ఇంట్లో ఉన్న ఒక చిన్న టీవీ తెరలోనే కనిపిస్తాడు. 1981 ఆగస్టులో మొదలైన ఎంటీవీ ఛానల్ నల్లజాతి కళాకారుల వీడియోలను అరుదుగా వేస్తుందన్న విమర్శ అప్పట్లో గట్టిగా వినిపిస్తోంది. తన ముఖం పెద్దగా కనిపించని వీడియో అయితే ఆ ఛానల్ గడప దాటుతుందని హాన్‌కాక్ ఆలోచించాడు. దాటింది. 1984లో జరిగిన మొట్టమొదటి ఎంటీవీ పురస్కారాల్లో ‘రాకిట్’కు అయిదు దక్కాయి. ఒక గొప్ప సంగీతకారుడు తన పాటలోనే బొమ్మల వెనక దాక్కోవలసి రావడం ఆ వీడియోను ఎన్నిసార్లు చూసినా గుచ్చుకునే విషయం.

కంటికీ చెవికీ మధ్య ఉన్న ఒప్పందం గురించి ఇక్కడ కొంచెం తెలుసుకోవాలి. చెరువు అవతలి గట్టున ఎవరో బట్టలు బండకేసి ఉతుకుతుంటే, బట్ట బండను తాకడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది కాబట్టి వంద మీటర్ల దూరానికి ఆలస్యం దాదాపు 0.3 సెకను. వెలుగుకు ఆ ఆలస్యం లేదు. పుట్టినప్పటి నుంచి మన మెదడు చూసిన ప్రపంచంలో దృశ్యం ముందు, చప్పుడు వెనక. తారుమారైతే వెంటనే పసిగడుతుంది. టెలివిజన్ ప్రసారాలకు ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రేక్షకులతో చేసిన పరీక్షల ఆధారంగా దీనికి అంకెలు చెప్పింది. శబ్దం దృశ్యం కన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, మనకు తెలిసిపోతుంది. వెనకబడితే మాత్రం సుమారు 125 మిల్లీసెకన్ల దాకా తెలియదు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము నిడివి 40 మిల్లీసెకన్లు. అంటే రోబో కర్ర డ్రమ్మును తాకిన ఫ్రేము కన్నా చప్పుడు ఒక ఫ్రేము ముందుంటే గీత దాకా వచ్చినట్టు, రెండు ఫ్రేములు ముందుంటే గీత దాటినట్టు.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే, డ్రమ్ములు వాయించే వీడియో ఏదైనా పెట్టి కీబోర్డు మీద ‘కె’, ‘జె’ అక్షరాలు నొక్కి చూడండి. ఒక్కో నొక్కుకు శబ్దం 50 మిల్లీసెకన్లు అటో ఇటో జరుగుతుంది. ఒక దిక్కున ఒక్క నొక్కుకే ఇబ్బంది మొదలవుతుంది. రెండో దిక్కున రెండు నొక్కులదాకా ఏమీ అనిపించకపోవచ్చు. పిల్లలకు చూపించదగ్గ ప్రయోగం ఇది, ఖర్చు లేనిది.

ఇప్పుడు రోబో చేత నిజంగానే డ్రమ్ము కొట్టించాలి అనుకుందాం. కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసే చేతికి సాధారణంగా ఆరు కీళ్ళుంటాయి. కర్ర కొస డ్రమ్ము మీద ఏ చోట, ఏ క్షణాన, ఎంత వేగంతో తగలాలో మనకు తెలుసు. ఆ కొస అక్కడ ఉండాలంటే ఆరు కీళ్ళూ ఏయే కోణాల్లో ఉండాలో వెనక నుంచి ముందుకు లెక్క కట్టాలి. జవాబు ఒక్కటే రాదు. మోచేయి పైకెత్తి తాకవచ్చు, కిందికి దించి తాకవచ్చు. కొన్ని భంగిమల్లో రెండు కీళ్ళ ఇరుసులు ఒకే గీతలోకి వచ్చేస్తాయి; అప్పుడు కొస వేలెడు జరగాలన్నా కీలు విపరీతమైన వేగంతో తిరగాల్సి వస్తుంది, మోటారు అందుకోలేక చేయి ఆగిపోతుంది. కాబట్టి రోబోకు పాట నేర్పేవాడు ఆ భంగిమల్ని తప్పించుకుంటూ దారి గీయాలి.

దారి దొరికాక అసలు చిక్కు వస్తుంది. కర్ర డ్రమ్ముకు 10 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. గట్టి దెబ్బకు సెకనుకు 4 మీటర్ల వేగంతో దిగితే 25 మిల్లీసెకన్లలో తాకుతుంది. మెత్తని దెబ్బకు సెకనుకు ఒక మీటరు వేగంతో దిగితే 100 మిల్లీసెకన్లు పడుతుంది. రెంటికీ ఒకే క్షణాన ఆజ్ఞ ఇస్తే మెత్తని దెబ్బ 75 మిల్లీసెకన్లు ఆలస్యం. నిమిషానికి 120 దెబ్బల నడకలో ఒక్కో దెబ్బకు 500 మిల్లీసెకన్లు, చతురశ్ర నడకలో మాత్రకు 125. అందులో 75 పోయిందంటే తాళం తప్పినట్టే. అందువల్ల మెత్తగా కొట్టాల్సిన దెబ్బకు ఆజ్ఞ ముందుగా పంపాలి, గట్టి దెబ్బకు ఆలస్యంగా పంపాలి. మృదంగం వాయించేవాళ్ళ చేతులు ఈ లెక్కను ఏళ్ళ సాధనలో ఒంటబట్టించుకుంటాయి. యంత్రానికి ప్రతి వాద్యానికీ, ప్రతి బలానికీ విడిగా కొలిచి పట్టిక రాసి పెట్టాలి. ఇంకో సంగతి: కర్రను బిగించి పట్టుకున్న ఇనుప పిడికిలి డ్రమ్ము చర్మం మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా నాదం చచ్చిపోతుంది. మనిషి వేళ్ళు వదులుగా పట్టుకుని కర్రను ఎగరనిస్తాయి. రోబో పిడికిలికి ఆ వదులు కృత్రిమంగా కల్పించాలి.

ఇంత బాధ పడి యంత్రం చేత ఎందుకు వాయింపజేయాలి అన్న ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు స్క్వేర్‌పుషర్ పేరుతో పాటలు చేసే ఇంగ్లండ్ సంగీతకారుడు టామ్ జెంకిన్సన్ ఇచ్చాడు. జపాన్‌లో జడ్-మెషీన్స్ అనే రోబోల బృందం తయారైంది. గిటారు వాయించే రోబోకు 78 వేళ్ళు. డ్రమ్ములు వాయించే దానికి 22 చేతులు, పేరు ఆషురా. మన పురాణాల అసురుడే బౌద్ధంతో పాటు జపాన్ చేరి, అక్కడ అనేక చేతుల మూర్తిగా గుళ్ళలో నిలిచాడు. జెంకిన్సన్ ఈ బృందం కోసం ప్రత్యేకంగా స్వరపరిచిన ‘మ్యూజిక్ ఫర్ రోబోట్స్’ 2014లో వచ్చింది. మనిషి వాయించేదాన్ని యంత్రం చేత అనుకరింపజేయలేదు. 78 వేళ్ళకు మాత్రమే సాధ్యమయ్యే స్వరగుచ్ఛాలు, 22 చేతులకు మాత్రమే సాధ్యమయ్యే దెబ్బలు రాశాడు. న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ స్టాన్‌ఫర్డ్ 2017లో చేసిన ‘ఆటొమాటికా’ వీడియోలో జర్మనీకి చెందిన కూకా కంపెనీ చేతులు డ్రమ్ములు, పియానో, గిటారు వాయిస్తాయి. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. వాటి మెరుపు, ఒకేసారి తలతిప్పే క్రమశిక్షణ కళ్ళు తిప్పుకోనివ్వవు. అయినా సంగీతపరంగా అవి మనిషి చేసే పనే చేస్తున్నాయి. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే ఆషురానే ఎంచుకుంటాను.

రోబోను కదిలించకుండానే కదిలినట్టు చూపిన వీడియో మరొకటి ఉంది. ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ పాట ‘ఆల్ ఈజ్ ఫుల్ ఆఫ్ లవ్’కు 1999లో క్రిస్ కనింగ్‌హామ్ తీసిన వీడియో అది. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ తీయాలనుకున్న ‘ఏ.ఐ.’ సినిమా కోసం రోబోల రూపకల్పనలో పనిచేసిన అనుభవం ఆయనకు అప్పటికే ఉంది. తెల్లని గదిలో తెల్లని రోబో, దాన్ని బిగిస్తున్న యంత్ర హస్తాలు, దాని ముఖంలో బ్యోర్క్ కళ్ళూ పెదవులూ. తర్వాత అలాంటిదే ఇంకో రోబో వస్తుంది, రెండూ ముద్దు పెట్టుకుంటాయి. ఆ తెల్లని ఒళ్ళు చాలావరకు బొమ్మలే, నడవలేనివి. ముందు బొమ్మను చిత్రీకరించి, అదే కోణంలో బ్యోర్క్‌ను చిత్రీకరించి, ఆమె కళ్ళు, నోరు మాత్రం తీసి బొమ్మ ముఖానికి అతికించారు. లండన్‌లోని గ్లాస్‌వర్క్స్ సంస్థ ఈ అతుకు పని చేసింది. ఆ వీడియో ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియమ్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలో ఉంది. 2004లో వచ్చిన ‘ఐ, రోబోట్’ సినిమా చూసినవాళ్ళు ఈ రోబోను చూస్తే పోలిక ఇట్టే గుర్తుపడతారు.

ఆ వీడియోలో యంత్రాలు ఎందుకంత ఆర్ద్రంగా కనిపిస్తాయి? ముఖం సగం కారణం. మిగతా సగం వేగం. మనిషి చేయి బల్ల మీది గ్లాసు కోసం చాచినప్పుడు మెల్లగా మొదలై, నడుమ వేగం అందుకుని, చివర మళ్ళీ మెల్లబడుతుంది. వేగాన్ని గీతగా గీస్తే నున్నని గుట్టలా వస్తుంది. టామర్ ఫ్లాష్, నెవిల్ హోగన్ అనే శాస్త్రవేత్తలు 1985లో దీనికి గణితరూపం ఇచ్చారు. త్వరణం మారే రేటు, అంటే కుదుపు, మొత్తం మీద అతి తక్కువ ఉండే దారినే మన చేయి ఎంచుకుంటుందని చూపించారు. ఆ గుట్ట ఆకారంలో ఏది కదిలినా, అది ఇనుమైనా, మనకు ప్రాణి కదలికలా అనిపిస్తుంది. ‘రాకిట్’ బొమ్మల వాల్వులు ఆ గుట్టను గోడలా నిట్టనిలువు చేశాయి, అందుకే భయపెట్టాయి. బ్యోర్క్ రోబోలు గుట్టను చెదరనివ్వలేదు. పాట లయ కూడా అంతే నిదానం. ఒకే లెక్కకు రెండు చివరలివి.

1997లో డాఫ్ట్ పంక్ బృందం కోసం మిషెల్ గోండ్రీ తీసిన ‘అరౌండ్ ది వరల్డ్’ గురించి ఒక్క మాట. అందులో మనుషులే రోబోల వేషం వేసి, బ్లాంకా లీ నేర్పిన అడుగులు వేస్తారు. రోబోలు పాటలోని యంత్రస్వరానికి, అస్థిపంజరాలు గిటారుకు, మమ్మీలు డ్రమ్ముకు, పొడగరులైన క్రీడాకారులు బేస్‌కు కట్టుబడి కదులుతారు. చెవితో విడదీయలేని వాద్యాలను కంటితో విడదీసి చూపే వీడియో ఇది. సంగీతం నేర్చుకునే పిల్లలకు దీన్ని చూపిస్తే పాట పొరలు వినడం అలవాటవుతుంది.

అదే గోండ్రీ 2002లో రోబోను తెర మీద నుంచి తీసి కెమెరా వెనక పెట్టాడు. కైలీ మినోగ్ పాడిన ‘కమ్ ఇంటు మై వరల్డ్’ వీడియోలో ఆమె పారిస్ శివారు కూడలిలో ఒక చుట్టు నడుస్తుంది. చుట్టు పూర్తయ్యేసరికి రెండో కైలీ వస్తుంది, రెండో చుట్టుకు మూడో కైలీ. వీధిలోని మనుషులు కూడా ఒక్కొక్కరు ఇద్దరవుతారు, ముగ్గురవుతారు. ఈ మాయ వెనక ఉన్నది కంప్యూటర్ ఆజ్ఞలతో కదిలే కెమెరా. ఒకసారి వెళ్ళిన దారినే, అదే వేగంతో, అదే మలుపులతో మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. ప్రతి చుట్టునూ విడిగా తీసి ఒకదాని మీద ఒకటి పేర్చితే గోడలూ చెట్లూ కదలకుండా సరిపోతాయి, మనుషులు మాత్రం కలిసిపోతారు. 1977లో ‘స్టార్ వార్స్’ కోసం జాన్ డైక్‌స్ట్రా బృందం తయారుచేసిన కెమెరా యంత్రంతో ఈ పద్ధతి పేరుకెక్కింది.

మన దగ్గర 1964 నాటి ‘రాముడు భీముడు’లో ఇద్దరు ఎన్టీఆర్‌లను ఒకే ఫ్రేములో చూసి జనం మురిసిపోయారు. ఆ కాలంలో ద్విపాత్రాభినయం షాట్ అంటే కెమెరాను బిగించి, లెన్సులో సగం మూసి ఒకసారి, మిగతా సగం మూసి ఇంకోసారి అదే ఫిల్మ్ మీద తీయడం. కెమెరా వెంట్రుకవాసి జరిగినా అతుకు బయటపడుతుంది. కాబట్టి అది కదలడానికి వీల్లేదు. కంప్యూటర్‌తో నడిచే కెమెరా ఇచ్చిన వరం అదే: కెమెరా ఎటు తిరిగినా అతుకు కనపడదు. ఇద్దరు అన్నదమ్ములు ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతుంటే కెమెరా వాళ్ళ చుట్టూ తిరిగే షాట్ మన సినిమాల్లో ఇవాళ మామూలైపోయింది.

2008లో రేడియోహెడ్ బృందం కెమెరాను కూడా తీసేసింది. ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ వీడియోలో ఎక్కడా మామూలు కెమెరా వాడలేదు. దర్శకుడు జేమ్స్ ఫ్రాస్ట్, చుక్కల లెక్కల్ని బొమ్మలుగా మలిచినవాడు ఆరన్ కోబ్లిన్. వీధుల కోసం వెలోడైన్ కంపెనీ లైడార్ వాడారు. 64 లేజర్లున్న గుండ్రని పరికరం అది. నిమిషానికి 900 సార్లు తిరుగుతూ నలువైపులా కాంతి తుంపర్లు విసురుతుంది. వెలుగు ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు వెళ్తుంది. పది మీటర్ల దూరంలోని చెట్టును తాకి తిరిగి రావడానికి దాదాపు 67 నానోసెకన్లు. ఆ కాలాన్ని కొలిస్తే దూరం తెలుస్తుంది, దూరం తెలిస్తే శూన్యంలో ఒక చుక్క పెట్టవచ్చు. లక్షల చుక్కలు పెడితే వీధి వస్తుంది. గాయకుడు థామ్ యార్క్ ముఖాన్ని దగ్గర నుంచి తీయడానికి ఇంకో పద్ధతి వాడారు. ముఖం మీద కాంతి చారలు వేసి, ఆ చారలు ఎలా వంగాయో చూసి ముక్కూ చెంపా లోతు లెక్కగట్టారు.

ఈ వీడియోలో ముఖాలు ఇసుకలా చెదిరిపోయే ఘట్టాలున్నాయి. కాంతి దారిలో అద్దపు ముక్కలు, నీళ్ళు అడ్డుపెట్టి కొన్నిచోట్ల కొలతను కావాలనే చెడగొట్టారు. అద్దం మీద పడిన కాంతి వేరే దిక్కుకు పోతుంది, పరికరం దూరాన్ని తప్పుగా చదువుతుంది, చుక్క తప్పుచోట పడుతుంది. 2007లో అమెరికాలో జరిగిన డ్రైవర్ లేని కార్ల పోటీలో చాలా బృందాలు ఇదే రకం లైడార్‌ను కార్ల కప్పుమీద పెట్టుకున్నాయి. అక్కడ ఒక్క చుక్క తప్పుగా పడితే కారు గోడను గుద్దుకుంటుంది. ఇక్కడ ఆ తప్పే విడిపోతున్న బంధం మీద రాసిన పాటకు బొమ్మ అయింది. పాట భావాన్ని ఒక కొలత పరికరం బలహీనత నుంచి పుట్టించిన తీరు నాకు ఈ వరుసలో అన్నిటికన్నా లోతైన ఆలోచనగా కనిపిస్తుంది. ఆ చుక్కల లెక్కలను రేడియోహెడ్ ఇంటర్నెట్‌లో అందరికీ ఇచ్చేసింది. ఎవరైనా దించుకుని తమ వీడియో తాము చేసుకోవచ్చు. ఇప్పుడు ఖరీదైన కొన్ని ఫోన్లలోనే చిన్న లైడార్ ఉంటోంది.

రేడియోహెడ్ కొలతతో ఆడుకుంటే, కాలంతో ఆడుకున్న బృందం అమెరికాకు చెందిన ఓకే గో. వాళ్ళ మూడు వీడియోలను పక్కపక్కన పెడితే భౌతికశాస్త్రం పాఠం ఒకటి బయటపడుతుంది. వాటిని అలా ఎవరూ పాఠంగా చెప్పగా నేను వినలేదు, అందుకే ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

మొదటిది 2014లో జపాన్‌లో తీసిన ‘ఐ వోంట్ లెట్ యూ డౌన్’. పాటగాళ్ళు హోండా కంపెనీ చేసిన చక్రాల ఆసనాల మీద కూర్చుని జారుతుంటారు. నడిచే రోబో ఆసిమోను పడకుండా నిలబెట్టిన పరిజ్ఞానమే ఆ ఆసనాలనూ నిలబెడుతుంది. ఒరిగిన దిక్కుకు వాటంతట అవే జరుగుతాయి. కెమెరా డ్రోన్ మీద ఉంది. గొడుగులు పట్టుకున్న నర్తకుల గుంపు చివరికి ఆకాశం నుంచి చూస్తే తెరమీది చుక్కల్లా అక్షరాలు రాస్తుంది. ఇదంతా సగం వేగంలో ఆడి, తీసి, రెండింతల వేగంతో చూపించారు. మన గురువులు కీర్తనను మొదటి కాలంలో పాడించి రెండో కాలంలోకి ఎక్కించినట్టుగా, వాళ్ళు పెదవులు కదిపింది మొదటి కాలంలో, మనం చూసేది రెండో కాలంలో. ఇలా చేస్తే నిజమైన వేగాలన్నీ రెండింతలవుతాయి. త్వరణాలు మాత్రం నాలుగింతలవుతాయి, ఎందుకంటే త్వరణంలో కాలం రెండుసార్లు భాగిస్తుంది. గురుత్వం కూడా త్వరణమే. ఆ వీడియోలో ఎవరైనా గెంతితే భూమి నాలుగింతల బలంతో లాగినట్టు దబ్బున పడతారు, మోసం తెలిసిపోతుంది. చక్రాల మీద జారడంలో పైకి లేవడం, కింద పడటం ఉండవు కాబట్టి ఆ అనుమానమే రాదు. గొడుగులు తెరవడం, మూయడం, తిరగడం కూడా అంతే.

రెండోది 2016 నవంబరులో వచ్చిన ‘ది వన్ మూమెంట్’. నాలుగు నిమిషాల పాటకు సరిపడా పేలుళ్ళు, చిమ్మే రంగులు, పగిలే గిటార్లు నిజంగా జరిగింది 4.2 సెకన్లలోనే. అంత వేగంగా ఒక పేలుడు నుంచి ఇంకో పేలుడుకు కెమెరాను తిప్పడం మనిషి చేతికి సాధ్యం కాదు. కెమెరాలను వేగంగా కదిలే రోబో చేతులకు బిగించారు. ఏది ఎన్నో మిల్లీసెకనులో పేలాలో బృందం గాయకుడు డేమియన్ కులాష్ పెద్ద లెక్కల పట్టికలో రాసుకున్నాడు, కంప్యూటర్ ఆ ప్రకారమే మీట నొక్కింది. లెక్కకోసం కాలాన్ని 60 రెట్లు సాగదీశారనుకుందాం. అప్పుడు తెర మీది గురుత్వం 60ను 60తో గుణించినంత తగ్గుతుంది, అంటే 3,600వ వంతు. మామూలుగా చేతిలోంచి వదిలిన నీటి బొట్టు మొదటి సెకనులో అయిదు మీటర్లకు దగ్గరగా పడుతుంది. ఈ వీడియో చూసేవాళ్ళ మొదటి సెకనులో అది మిల్లీమీటరున్నర కూడా పడదు. రంగు నీళ్ళు గాజు శిల్పాల్లా గాలిలో నిలిచాయని మనం ఆశ్చర్యపోయేది ఆ అంకె వల్లే.

మూడోది కూడా 2016లోదే, ‘అప్‌సైడ్ డౌన్ అండ్ ఇన్‌సైడ్ అవుట్’. ఇక్కడ కెమెరా మాయ లేదు. గురుత్వాన్ని నిజంగానే మాయం చేశారు. రష్యాలో వ్యోమగాములకు శిక్షణ ఇచ్చే ఇల్యూషిన్-76 విమానం ఏటవాలుగా ఎగసి, విసిరిన రాయి దారిని పట్టుకుంటుంది. విమానమూ లోపలి మనుషులూ ఒకే త్వరణంతో పడుతుంటారు కాబట్టి నేల కాళ్ళను తోయదు, అందరూ తేలతారు. ఒక్కో విడతకు సుమారు 27 సెకన్లు. ఆ 27 సెకన్ల కోసం విమానం మొదట్లో సెకనుకు 130 మీటర్ల వేగంతో పైకి పోతూ ఉండాలి, దాదాపు 900 మీటర్లు ఎక్కి మళ్ళీ అంతే దిగాలి. దిగాక విమానాన్ని సరిచేసేటప్పుడు ఒంటి బరువు రెండింతలవుతుంది. పాటను కొంచెం నెమ్మది చేసి, 27 సెకన్లకు సరిపోయే ముక్కలుగా విడగొట్టి, ఎనిమిది విడతల్లో ఏకబిగిన 45 నిమిషాలు తీశారు. తేలని నిమిషాలను ఎడిటింగ్‌లో తీసేసి అతుకులు సవరించారు. విడతకూ విడతకూ మధ్య పాటగాళ్ళు ఆగినచోటే కదలకుండా కూర్చున్నారు, లేకపోతే అతుకు కుదరదు. నాలుగింతలు, మూడువేల ఆరువందో వంతు, సున్న. ఒకే బృందం చేతిలో గురుత్వానికి మూడు విలువలు.

2025లో అదే బృందం ‘లవ్’ పాటకు రోబోలను తెర మీదికి తెచ్చింది. బుడాపెస్ట్‌లోని పాత రైల్వే ప్రాంగణంలో 29 రోబో చేతులు, వాటి పిడికిళ్ళలో అద్దాలు. రెండు అద్దాలు ఎదురెదురుగా వస్తే పాటగాడు అంతులేని వరుస అవుతాడు. కోణంలో కలిస్తే చిన్నప్పుడు మనం గాజుముక్కలు వేసి తిప్పిన కాలిడోస్కోప్‌లోలాగా పువ్వు రేకులవుతాడు. ఈ పని మనుషుల చేత చేయించలేరా అంటే చిన్న లెక్క చాలు. అద్దం ఒక డిగ్రీ తిరిగితే దాని మీది ప్రతిబింబపు కిరణం రెండు డిగ్రీలు తిరుగుతుంది. డిగ్రీలో పదో వంతు తేడా వచ్చినా పది మీటర్ల అవతల కిరణం మూడున్నర సెంటీమీటర్లు పక్కకు పోతుంది, ముఖం అద్దం అంచులో తెగిపోతుంది. అద్దం నుంచి అద్దానికి వెళ్ళేకొద్దీ ఆ తప్పు కూడుతుంది. మనిషి మణికట్టు డిగ్రీలో పదో వంతును నిమిషాల తరబడి పట్టి ఉంచలేదు. ఈ చేతులు చెప్పినచోటికి మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువ తేడాతో మళ్ళీ మళ్ళీ వస్తాయి.

అయితే ఇవి కార్ల ఫ్యాక్టరీల చేతుల జాతి కావు. 1961లో అమెరికాలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో చేరిన యూనిమేట్ నుంచి మొదలుకొని, పారిశ్రామిక రోబోలు చాలావరకు కంచెల వెనకే పనిచేశాయి. బరువైన చేయి వేగంగా తిరుగుతున్నప్పుడు అడ్డం వచ్చిన మనిషిని గుర్తించే శక్తి వాటికి లేదు. ‘లవ్’లో వాడినవి డెన్మార్క్‌లోని యూనివర్సల్ రోబోట్స్ సంస్థ చేతులు. మనుషుల పక్కన పనిచేయడానికే వీటిని రూపొందించారు. కీలులోని మోటారు ఎంత బలం వాడాల్సి వస్తోందో చేయి నిరంతరం గమనిస్తుంటుంది. ఊహించని ప్రతిఘటన తగిలితే చేయి ఆగిపోతుంది. మనిషి ఒంట్లో ఏ భాగానికి ఎంత ఒత్తిడి తగిలితే నొప్పి మొదలవుతుందో చెప్పే అంతర్జాతీయ సాంకేతిక నిర్దేశం 2016లో వచ్చింది. నుదుటికి ఒక హద్దు, అరచేతికి ఒక హద్దు, తొడకు ఇంకొకటి. ఒకే టేకులో తీసిన ‘లవ్’లో పాటగాళ్ళు ఆ చేతుల మధ్య నడుస్తూ, అద్దాలకు దగ్గరగా ముఖం పెట్టి పాడగలిగింది ఆ హద్దులు లెక్కలో ఉన్నాయి కాబట్టే. అక్కడ చేయి ఎంత వేగంగా తిరగవచ్చన్నది పాట నడకతో పాటు పక్కన నిలబడ్డ మనిషి నుదురు కూడా నిర్ణయిస్తుంది.